కాలు కదిపితే దెబ్బ పోవాలా? టేబుల్‌టాప్ పోరాటంలో నడకకీ దెబ్బలకీ లెక్క కుదర్చడం

ఆదివారం భోజనాలయ్యాక మా మేడ మీద టేబుల్‌టాప్ ఆట మొదలవుతుంది: బల్ల మీద బొమ్మలు పెట్టి, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ ఆడతారు, కథ నడిపేది నేను. ఆ రోజు కథ ఒక లంకలో. గోదావరి పాయ, ఇసుక తిన్నె, కొబ్బరి తోట, పడవల రేవు అన్నీ ముందురోజు రాత్రి కూర్చుని చార్టు పేపరు మీద గళ్ళు కొట్టి గీశాను. ఎనిమిది మంది ఇసుక దొంగలు, నలుగురు వీరులు. రెండో రౌండుకే (అందరికీ ఒక్కో వంతు వస్తే ఒక రౌండు) అందరూ రేవు దగ్గర గుంపుగా చేరిపోయారు. ఆ తర్వాత గంటసేపు ఒక్క బొమ్మ కదల్లేదు. తోట వృథా, ఇసుక తిన్నె వృథా. ఉండబట్టలేక మా మేనత్త కొడుకుని అడిగాను, "ఒరేయ్, తోటలోంచి చుట్టూ తిరిగి వాళ్ళ వెనకాలకి వెళ్ళొచ్చుగా?"

"ఎందుకు బావా? కదిలితే ఒక్క దెబ్బ. ఇక్కడే నిలబడితే మూడు. నువ్వైతే కదులుతావా?"

కదలను. వాడు ఆడింది సరైన ఆటే. మేం వాడుతున్న రూలే కదలొద్దని చెబుతోంది. ఆ రూల్‌ని ఎలా విప్పి చూశానో, ఎలా మళ్ళీ కట్టానో మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. రోల్‌ప్లేయింగ్ ఆట నడిపేవాళ్ళు, సొంతంగా రూల్స్ రాసుకునేవాళ్ళు అంకెలు మార్చుకుని వాడుకోవచ్చు. ఇరవై ముఖాల పాచిక, ఐదు అడుగులకి ఒక గడి, వంతుకి ఆరు గళ్ళ నడక ఉన్న ఆట అనుకుని లెక్కలు వేశాను. ఎక్కువమంది ఆడేది అదే కాబట్టి.

ముందు మీ బల్ల మీద ఏం జరుగుతోందో లెక్కపెట్టండి

రూల్ మార్చే ముందు ఒక్క పోరాటం మొత్తం నోటుబుక్కులో రాయండి. ప్రతి వంతుకీ రెండే అంకెలు: ఎన్ని గళ్ళు కదిలారు, ఎన్ని దెబ్బలు వేశారు. మొదటి రెండు రౌండ్లు వదిలేయండి, ఎందుకంటే అప్పుడు శత్రువు దగ్గరికి వెళ్ళాలి కాబట్టి అందరూ కదులుతారు. మూడో రౌండు నుంచి చూడండి. సగానికి పైగా వంతుల్లో నడక సున్నా ఉంటే మీ రూల్ నిలబడమని చెబుతున్నట్టే. దీనికి పూర్తిగా తిరగబడిన జబ్బు కూడా ఉంది: ప్రతి వంతులో వచ్చి కొట్టి, వెళ్ళి చెట్టు చాటున దాక్కోవడం. అదీ అంతే విసుగు. మా బల్ల మీద రెండూ జరిగాయి, ఒకదాని మందు ఇంకోదానికి కారణమైంది. అది తర్వాత చెబుతాను.

పెద్ద ఆటలు ఈ ముడిని ఎలా విప్పాయో చూడండి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ 2000లో వచ్చింది. అందులో యోధుడి దాడి బోనస్ (కొట్టేటప్పుడు పాచిక అంకెకి కలిపేది) +6కి చేరితే రెండో దెబ్బ వస్తుంది, +11కి మూడోది, +16కి నాలుగోది. ఒక్కో దెబ్బకీ ముందుదాని కంటే 5 తక్కువ. అయితే ఒకటికి మించి కొట్టాలంటే ఆ వంతు మొత్తం దానికే పోతుంది. నడక అంటే ఒక్క గడి, ఐదు అడుగులు మాత్రమే. అంతకన్నా కదిలితే ఒకే దెబ్బ.

దీని ఫలితం పాత్ర పెరిగేకొద్దీ ఘోరంగా ఉంటుంది. మొదటి దెబ్బ తగిలే అవకాశం 55 శాతం, రెండోది 30 శాతం అనుకోండి. కదిలితే 85లో 30 పోతుంది, అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇంకా పెరిగాక మూడు దెబ్బలు 80, 55, 30 శాతం అయితే, కదిలినవాడు 165లో 85 పోగొట్టుకుంటాడు. సగానికి పైనే. వీరుడు ఎంత గొప్పవాడైతే అంత రాయిలా నిలబడిపోతాడు. నిజానికి అనుభవం పెరిగేకొద్దీ కాళ్ళు తేలిక కావాలి కదా.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఈ ముడిని కత్తితో కోసేసింది. యోధుడికి ఐదో లెవెల్‌లో రెండు దెబ్బలు, పదకొండులో మూడు, ఇరవైలో నాలుగు. దేనికీ తగ్గింపు లేదు. పైగా నడకని ముక్కలు చేసుకోవచ్చు: రెండు గళ్ళు నడిచి ఒకణ్ణి కొట్టి, ఇంకో రెండు నడిచి మరొకణ్ణి కొట్టొచ్చు. శత్రువు అందుబాటులోంచి బయటికి వెళ్తే మాత్రం అతను తన రియాక్షన్ (ఎదుటివాడి వంతులో చేయగలిగే ఒక పని) వాడి ఒక దెబ్బ వేస్తాడు. అది కూడా రౌండుకి ఒక్కసారే. నడకకి ధర తీసేశారు, తప్పుకోవడానికి మాత్రం ధర పెట్టారు. అందుకే అక్కడ జనం శత్రువుని వదలకుండా అంటుకుని ఉంటారు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ 2019లో మూడో దారి పట్టింది. వంతుకి మూడు పనులు. నడక ఒక పని, దెబ్బ ఒక పని. రెండో దెబ్బకి 5 తక్కువ, మూడోదానికి 10 తక్కువ. తేలిక ఆయుధాలకి 4, 8. ఇక్కడ మూడో దెబ్బ తగలడం కష్టం కాబట్టి ఆ పనిని అడుగు వేయడానికో డాలు ఎత్తడానికో వాడటం మేలు. అడుగూ దెబ్బా ఒకే సంచిలోంచి ఖర్చవుతాయి. ఈ మూడింటిలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

ఎందుకు నచ్చిందంటే మనం చిన్నప్పటి నుంచి ఆడిన చెడుగుడు కూడా ఇదే. కూతకి వెళ్ళినవాడికి ఉన్నది ఒక్క ఊపిరి. అవతలి గడిలోకి వెళ్ళడానికీ అదే, ముట్టుకోవడానికీ అదే, గీత దాకా తిరిగి రావడానికీ అదే. ఇంకొకణ్ణి ముట్టుకుందామని ఆశపడితే తిరిగొచ్చే ఊపిరి తగ్గుతుంది. రెండో దెబ్బకి ధర అంటే అదే.

ఒకే సంచి పెట్టండి: ఆరు చింతపిక్కలు

ప్రతి ఆటగాడికీ తన వంతు మొదట్లో ఆరు చింతపిక్కలు ఇవ్వండి. నిజంగానే చేతిలో పెట్టండి. కాగితం మీద అంకె తుడుచుకోవడం కంటే పిక్క బల్ల మధ్యకి తోయడం తేలిక, పక్కనున్నవాళ్ళకీ కనిపిస్తుంది. ధరలు ఇవి:

ఒక గడి నడకకి ఒక పిక్క.

మొదటి దెబ్బ ఉచితం. రెండో దెబ్బకి మూడు పిక్కలు. మూడోదానికి ఇంకో మూడు, దాంతోపాటు పాచికలో 5 తక్కువ. ఆ దెబ్బలు వేయగల పాత్రలకే ఇవి వర్తిస్తాయి. ఒకే దెబ్బ ఉన్నవాడు పిక్కలతో దెబ్బలు కొనలేడు.

పక్కనున్న శత్రువు నుంచి జాగ్రత్తగా తప్పుకోవడానికి రెండు పిక్కలు. అవి కట్టకుండా వెళ్తే అతను ఒక దెబ్బ వేస్తాడు. ఒకరు రౌండుకి ఒక్కసారే అలా కొట్టగలరు.

పిక్కలు మిగిలితే తర్వాతి వంతుకి దాచుకోవడం లేదు. ఒకసారి దాచుకోనిచ్చి చూశాను. అందరూ ఒక రౌండు ఊరికే కూర్చుని, రెండో రౌండులో పన్నెండు పిక్కలతో విరుచుకుపడ్డారు.

ఇంకో ఉచ్చు ఉంది, జాగ్రత్త. పిక్కలే నడక కాబట్టి, వేగం ఎక్కువున్న పాత్రకి ఎనిమిది పిక్కలు ఇద్దామనిపిస్తుంది. ఇవ్వకండి. కాళ్ళు చురుగ్గా ఉన్నందుకు దెబ్బలు కూడా చవకగా దొరికిపోతాయి. పిక్కలు అందరికీ ఆరే. వేగం ఎక్కువున్నవాడికి అదనంగా ఒకటి రెండు గవ్వలు ఇవ్వండి. గవ్వలు నడకకీ తప్పుకోవడానికీ మాత్రమే చెల్లుతాయి, దెబ్బకి చెల్లవు. నెమ్మదిగా నడిచేవాడికీ ఆరు పిక్కలే, కాకపోతే ఐదు గళ్ళకి మించి నడవలేడు. దాడి పూర్తిగా మానేసి పరుగే పెట్టదలుచుకుంటే ఆరు గవ్వలు ఇచ్చేయండి.

ధర సరిపోయిందో లేదో అంకెలతో చూడండి

ఈ భాగం ఓపిగ్గా చదవండి. మిగతా అంతా దీని మీదే నిలబడింది.

మన వీరుడు కత్తి పట్టాడు. పాచికలో 10 లేదా అంతకన్నా ఎక్కువ పడితే తగులుతుంది, అంటే 55 శాతం. తగిలితే జరిగే నష్టం ఎనిమిది ముఖాల పాచిక ప్లస్ 3, సగటున 7.5. రెండూ గుణిస్తే ఒక దెబ్బ విలువ సుమారు 4.1. తగ్గింపులు లేకపోతే రెండు దెబ్బలకి 8.25, మూడింటికి 12.4. శత్రువుకి 30 హిట్ పాయింట్లు (ప్రాణబలం, నష్టం అంతా దీనిలోంచే పోతుంది) ఉంటే, ఒక్కో దెబ్బ వేసేవాడికి ఏడు రౌండ్లు దాటుతుంది. మూడు వేసేవాడు మూడో రౌండులోపు ముగిస్తాడు. ఇంత తేడా ఉంటే కదలమని ఎవరికి చెబుతాం? కదిలినవాడికి దక్కేది, నిలబడినవాడికి దక్కేదాంట్లో 33 శాతం.

మూడో దెబ్బకి 5 తగ్గించాం కాబట్టి అది 30 శాతమే తగులుతుంది, విలువ 2.25. నిలబడి మూడూ కొడితే మొత్తం 10.5. బాగానే తగ్గింది, కానీ కదిలేవాడి చేతిలో ఇంకా 4.1 మాత్రమే ఉంది. నిలబడేవాణ్ణి ఇంకా కిందికి లాగడం ఒక మార్గం. నేను అలా చేయలేదు. ఆటగాడు ఎన్నో వారాలు ఆడి సంపాదించుకున్న దెబ్బని లాగేసుకుంటే వాడి ముఖం వాడిపోతుంది. కదిలేవాణ్ణి పైకి లేపడం మేలు.

అందుకే ఉరుకు దెబ్బ పెట్టాను. ఒకే వరుసలో తిన్నగా నాలుగు గళ్ళు లేదా ఎక్కువ పరిగెత్తుకొచ్చి కొడితే, ఆ దెబ్బకి ఆయుధం పాచికని రెండుసార్లు వేయాలి. కత్తికైతే రెండు పాచికలు కలిపి సగటు 9, ప్లస్ 3, మొత్తం 12. దానిలో 55 శాతం 6.6. నాలుగు పిక్కలు నడకకి పోయాయి, రెండే మిగిలాయి కాబట్టి రెండో దెబ్బ ఎలాగూ కొనలేడు.

ఇప్పుడు మళ్ళీ చూడండి. నిలబడి మూడు దెబ్బలు 10.5, మూడు గళ్ళ లోపు నడిచి రెండు దెబ్బలు 8.25, ఉరికి వచ్చి ఒకటి 6.6. కదిలినవాడికి దక్కేది 33 శాతం నుంచి 63 శాతానికి వచ్చింది. నిలబడితే ఇంకా లాభమే, ఉండాలి కూడా. కానీ గాయపడ్డ స్నేహితుడి దగ్గరికి వెళ్ళడానికో, మంత్రగాడి మీద పడటానికో మిగతా 37 శాతం వదులుకోవడం ఇప్పుడు ఆలోచించదగ్గ బేరం. 33 దగ్గర ఎవరూ ఆలోచించరు. 90 దాటిస్తే అందరూ ఊరికే పరుగులు పెడతారు. నా అనుభవంలో 60కీ 75కీ మధ్య ఎక్కడున్నా ఆట బాగుంది.

ఆయుధాన్ని బట్టి రెండో దెబ్బ ధర మారిస్తే ఇంకా రుచి వస్తుంది. బాకుకి రెండు పిక్కలు చాలు. గండ్రగొడ్డలికి నాలుగు. గొడ్డలికి పన్నెండు ముఖాల పాచిక, ఒక దెబ్బ విలువ 5.2, రెండు కలిపి 10.45. మూడోది కొనడానికి పిక్కలు చాలవు. కానీ దాని ఉరుకు దెబ్బ 8.8. అంటే గొడ్డలివాడు పరిగెత్తినా తన పూర్తి బలంలో 84 శాతం చూపిస్తాడు. నేను చెప్పిన గీత కంటే ఇది ఎక్కువే, తెలిసే వదిలేశాను. గొడ్డలి పట్టినవాడు ఊపు మీద రావాలి, కత్తి పట్టినవాడు నిలిచి పోరాడాలి. బాకువాడు రెండు పోట్లు పొడిచి, జాగ్రత్తగా తప్పుకుని, ఇంకా రెండు గళ్ళు వెళ్ళిపోవచ్చు. ఒకే ధరల పట్టిక మీద మూడు రకాల మనుషులు తయారయ్యారు.

ఒక్క గడి వెనక్కి వేయడంలో విలువ ఉండనివ్వండి

మూడో ఎడిషన్‌లో ఐదు అడుగుల ఉచిత అడుగు గురించి చెప్పాను. చూడటానికి చిన్న సౌకర్యం. కానీ నువ్వు ఒక గడి వెనక్కి వేస్తే ఎదుటివాడూ ఒక గడి ఉచితంగా ముందుకి వేసి తన దెబ్బలన్నీ కొట్టేస్తాడు. వెనకడుగుకి అర్థం పోయింది.

పిక్కల పద్ధతిలో ఉచిత అడుగు లేదు. మూడు దెబ్బలకి ఆరు పిక్కలూ కావాలి. కాబట్టి నువ్వు ఒక్క గడి తప్పుకున్నా, వెంట రావడానికి ఎదుటివాడు ఒక పిక్క పెట్టాలి, వాడి మూడో దెబ్బ పోతుంది. నువ్వు రెండు దెబ్బలు కొట్టి (మూడు పిక్కలు), జాగ్రత్తగా తప్పుకుని (రెండు), ఒక గడి నడిస్తే (ఒకటి) సరిగ్గా ఆరు. లెక్క ఇలా అతికినట్టు కుదరడం చూసి ఆ రాత్రి నాకు చాలా సంతోషం వేసింది.

ఇంకొంచెం దూరం వెళ్దామనుకుంటే? ఒకే దెబ్బ కొట్టి, తప్పుకుని, నాలుగు గళ్ళు వెళ్ళొచ్చు. ఎదుటివాడు నాలుగు గళ్ళు వస్తే రెండో దెబ్బకి పిక్కలుండవు. అయితే వాడు తిన్నగా నాలుగు గళ్ళు పరిగెత్తి వస్తే ఉరుకు దెబ్బ పడుతుంది! అందుకని తిన్నగా పారిపోకూడదు. చెట్టు చుట్టూనో గట్టు మలుపులోనో పక్కకి తిరిగి పోవాలి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రెండో వారమే మా పిల్లలు కనిపెట్టేశారు.

ఇందాక చెబుతానన్న పొరపాటు ఇక్కడిదే. పిక్కల పద్ధతికి ముందు, బొమ్మలు కదలడం లేదని నేను నడకని పూర్తిగా ఉచితం చేశాను, తప్పుకోవడానికి కూడా ధర పెట్టలేదు. మా మేనత్త కొడుకు పాత్ర ప్రతి వంతులో కొబ్బరి చెట్టు చాటు నుంచి వచ్చి ముగ్గురిని తలా ఒకటి కొట్టి మళ్ళీ చెట్టు చాటుకి పోయేది. కూత తెగనివాడితో చెడుగుడు ఆడినట్టు. ఎనిమిది మంది దొంగలు వాణ్ణి ఒక్కసారి కూడా తాకలేకపోయారు. వాడికి కూడా రెండు పోరాటాలకే విసుగొచ్చింది. తప్పుకోవడానికి రెండు పిక్కలు పెట్టడం ఆ రోజు నేర్చుకున్న పాఠం.

విల్లు పట్టినవాడికి వేరే ధర

విలుకాడికి నడవాల్సిన అవసరమే లేదు, కాబట్టి పిక్కలన్నీ బాణాలకే పెట్టేస్తాడు. అందుకని విల్లుకి మొదటి బాణం కూడా ఉచితం కాదు: ఒక్కో బాణానికి మూడు పిక్కలు. ఒక బాణం వేసి మూడు గళ్ళు నడవొచ్చు, లేదా నిలబడి రెండు వేయొచ్చు. మూడో బాణం లేదు. చెట్టు చాటున ఉన్నవాణ్ణి కొట్టాలంటే వాడి ఆర్మర్ క్లాస్‌కి (దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె) 2 కలపండి. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

నేలకి పని చెప్పండి

ధరలు ఎంత బాగా కుదిరినా, ఖాళీ చార్టు మీద ఎవరూ కదలరు. కదలడానికి కారణం నేలలో ఉండాలి. ఈ విషయంలో డెల్టాలో పుట్టినవాళ్ళం అదృష్టవంతులం. కొండ కోటలూ నేలమాళిగలూ ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు, గుమ్మం దాటితే అన్ని రకాల నేలా ఉంది.

ఊడ్పులైన వరి చేను తీసుకోండి. బురదలో గడికి రెండు పిక్కలు. ఉరుకు దెబ్బ అసలు లేదు. గట్టు మీద గడికి ఒక పిక్కే, కానీ వెడల్పు ఒక్క గడి. ఎదురుగా మనిషి ఉంటే దాటలేరు. ఒక్కడు గట్టు మీద నిలబడి నలుగురిని ఆపగలడు, చుట్టూ తిరిగి రావాలంటే బురదలో దిగాలి. గట్టు తిన్నగా ఉన్నంత మేర ఉరికి రావచ్చు, మలుపు దగ్గర ఊపు పోతుంది. చార్టు మీద గట్లు ఎక్కడ మలుపు తిప్పుతారో అదే మీ పోరాటం స్వరూపం.

కొబ్బరి తోటలో చెట్టుకీ చెట్టుకీ సుమారు 25 అడుగుల ఎడం పెడతారు. ఐదడుగుల గడి లెక్కన ప్రతి ఐదు గళ్ళకి ఒక చెట్టు. వరుసల మధ్య బాటలో ఎంత దూరమైనా తిన్నగా పరిగెత్తొచ్చు. చెట్ల వరుసలోనే వస్తే రెండు చెట్ల మధ్య ఖాళీ నాలుగు గళ్ళే. అంటే చెట్టుని వీపుకి ఆనించుకుని నిలబడినవాడి మీదికి వెనక నుంచి ఎవరూ ఉరికి రాలేరు. తోటని ఉన్నది ఉన్నట్టు గీశాను, రూల్ దానంతటదే అందులో ఇమిడిపోయింది. పక్కనే తోటకి నీళ్ళు పెట్టే బోదె ఉంటే దాన్ని దాటడానికి ఒక పిక్క అదనం.

పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) మీద పోరాటం వేరే సంగతి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి వశిష్ఠ పాయ దాటే పంటు ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది, బళ్ళూ మనుషులూ ఎక్కాక తిన్నగా నాలుగు గళ్ళ ఖాళీ ఎక్కడా ఉండదు. ఉరుకు దెబ్బ పనికిరాదు, నిలబడి కొట్టేవాడిదే రాజ్యం అవుతుంది. దీనికి విరుగుడుగా తోపు పెట్టండి: రెండో దెబ్బకి బదులు, అదే ధరకి, శత్రువుని ఒక గడి తోయొచ్చు. అంచున ఉన్నవాడు నీళ్ళలో పడతాడు. ఒక్కసారిగా అంచు గళ్ళకి విలువ వచ్చేస్తుంది, అందరూ మధ్యలోకి చేరాలని చూస్తారు. చోటు లేని చోట కూడా కదలిక పుడుతుంది. మా బల్ల మీద అందరికీ ఇష్టమైన పోరాటం ఇప్పటికీ అదే.

వరద నేల అన్నిటికన్నా బలమైనది, అందుకే చివరికి దాచాను. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉండేవాళ్ళకి ఆ అంకెలు నిద్రలో కూడా గుర్తుంటాయి. పోరాటానికి అవే మూడు దశలు చేయండి. మొదటి హెచ్చరికకి ఇసుక తిన్నె గళ్ళన్నీ బురద ధరకి మారతాయి. మూడు రౌండ్ల తర్వాత రెండోది: తిన్నె మునిగింది, తోట బురద. ఇంకో మూడు రౌండ్లకి మూడోది: ఏటిగట్టూ మెరక ఇళ్ళూ తప్ప నిలబడే చోటు లేదు. నీరు తరుముతుంటే మూడు దెబ్బల కోసం నిలబడేవాడు ఉండడు. కానీ ఇది తరచూ వాడకండి. మా చుట్టుపక్కల వరద అంటే ఇల్లు వదిలి రావడం, పశువుల్ని గట్టు మీదికి తోలడం. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా ఆ జ్ఞాపకం ఉండొచ్చు, ముందే అడిగి మొదలుపెట్టండి.

ఒంటరి పెద్ద శత్రువు

పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకడమే దెబ్బ. దూకే చోటు లేకుండా మేకలు కమ్ముకుంటే పులి చచ్చినట్టే. నలుగురు వీరుల మధ్య చిక్కిన ఒక్క రాక్షసిదీ అదే గతి. ఆరు పిక్కలూ దెబ్బలకి పెట్టి నిలబడిపోతుంది, మూడు రౌండ్లలో కూలుతుంది.

దానికి దెబ్బలు పెంచకండి, ఆ దెబ్బలన్నీ ఒక్కడి మీదే పడి వాడు చచ్చిపోతాడు. అడుగులు పెంచండి. ప్రతి ఆటగాడి వంతు అయ్యాక రాక్షసికి రెండు గవ్వలు ఇవ్వండి. వాటితో రెండు గళ్ళు నడవొచ్చు, లేదా రెండూ కట్టి తప్పుకోవచ్చు. చుట్టుముట్టడం కష్టమవుతుంది, దారి మూయడానికి వీరులూ కదులుతారు. గుంపుగా వచ్చే చిన్న దొంగలకైతే తలా ఒక్క దెబ్బే, అందరికీ కలిపి ఒకే పాచిక వేయండి, లేకపోతే మీ వంతే అరగంట పడుతుంది.

ఒకే పోరాటం మూడుసార్లు ఆడి చూడండి

కొత్త ధరలతో నేరుగా కథలోకి వెళ్ళకండి. ఒక సాయంత్రం దీనికే పెట్టుకోండి. అదే చార్టు, అవే పాత్రలు. మొదటిసారి, శత్రువు దగ్గరికి చేరాక ఎవరూ కదలకూడదని ముందే చెప్పండి. రెండోసారి ప్రతి వంతులో కనీసం మూడు గళ్ళు కదలాల్సిందే. మూడోసారి ఎవరిష్టం వాళ్ళది. ఎన్ని రౌండ్లు పట్టిందో, ఎవరు ఎన్ని హిట్ పాయింట్లతో మిగిలారో రాయండి. మొదటి రెండిట్లో ఏ ఒక్కటైనా మూడోదాని కంటే బాగా తొందరగా గెలిపిస్తే ధరలు ఇంకా ఒక వైపుకి మొగ్గి ఉన్నాయని అర్థం. మూడోసారి ఎక్కువగా నిలబడ్డారా, ఉరుకు దెబ్బకి కావాల్సిన దూరాన్ని నాలుగు గళ్ళ నుంచి మూడుకి దించండి. ఎక్కువగా పారిపోయారా, తప్పుకునే ధర రెండు నుంచి మూడుకి పెంచండి. ఒకసారికి ఒక్క అంకే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

గడియారం కూడా చూడండి. ఒకరి వంతు రెండు నిమిషాలు దాటుతుంటే లెక్క ఎక్కువైనట్టే. మా దగ్గర మొదటి రెండు వారాలు అలాగే అయింది, అందరూ పిక్కలు ముందుకీ వెనక్కీ జరుపుతూ ఆలోచించేవాళ్ళు. దానికి నేను పెట్టిన నియమం: బల్ల మధ్యకి తోసిన పిక్క వెనక్కి రాదు. తన వంతు రాకముందే ఆలోచించుకోవడం అప్పుడు దానంతటదే అలవాటైంది.

ఇక ఆయుధాల ధరలు, బురద ధర, తప్పుకునే ధర అన్నీ ఒక పోస్టుకార్డంత అట్ట ముక్క మీద పట్టేలా రాసి ఒక్కొక్కరికీ ఒకటి ఇవ్వండి. పట్టకపోతే అట్ట పెద్దది చేయకండి, ఏదో ఒక రూల్ కొట్టేయండి. నేను ఈటెకీ డాలుకీ రాసుకున్న రూల్స్ అలాగే కొట్టేశాను.

పోయిన ఆదివారం మళ్ళీ అదే రేవు, అదే ఎనిమిది మంది దొంగలు. మూడో రౌండులో మా మేనత్త కొడుకు ఆరు పిక్కలూ అరచేతిలో పెట్టుకుని తోట వైపు చూశాడు. "బావా, ఈ వరుసకీ ఆ వరుసకీ మధ్య బాట తిన్నగానే ఉందిగా?" అని అడిగి, నాలుగు పిక్కలు బల్ల మధ్యకి తోశాడు.